పల్లెటూరి పశువుల డాక్టర్ ఎంపీ కాగలడా? మాడుగుల నుంచి వచ్చిన ప్రశ్నకు నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ బావగారు మాడుగుల వైపు ఒక మండలంలో ప్రభుత్వ పశువైద్యుడు. అమెరికాలో వేన్ అల్లార్డ్ అనే పశువుల డాక్టర్ పద్దెనిమిదేళ్లు అక్కడి పార్లమెంటులో ఉన్నాడని ఎక్కడో చదివారు. అప్పటినుంచి ఉద్యోగం మానేసి రాజకీయాల్లోకి వెళ్తానంటున్నారు. మీ అక్కకు టెన్షన్ పట్టుకుంది. పశువైద్యుడికి ఓట్లు పడతాయా, మన దగ్గర అలాంటి వాళ్లు ఎందుకు కనిపించరు, ఉద్యోగం వదిలితే ఏం పోతుంది అని అడిగారు.

ముందు సూటిగా జవాబు: కాగలరు. చదువు అడ్డం కాదు, చట్టం కూడా అడ్డం కాదు. అడ్డం వచ్చేది ప్రభుత్వ ఉద్యోగం, దాంతోపాటు వచ్చే బదిలీలు. అల్లార్డ్ కథకూ మీ బావగారి కథకూ అసలు తేడా అక్కడే ఉంది. నేరుగా లోక్‌సభకు గురిపెట్టడం మాత్రం ఇప్పుడు వద్దని నా సలహా. ఎందుకో చెబుతాను.

నేను ఉమ్మడి విశాఖ జిల్లాలో అటు ఏజెన్సీలోనూ ఇటు మైదానంలోనూ పశువైద్యుడిగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు విశాఖలోనే ఉంటున్నాను. తోటి డాక్టర్లలో ఎన్నికల్లోకి దిగినవాళ్లను దగ్గర నుంచి చూశాను. కాబట్టి ఇందులో కొంత పుస్తకాల్లో ఉన్నదీ, కొంత కళ్లతో చూసిందీ ఉంటుంది.

అల్లార్డ్ సంగతి సగమే చదివితే తప్పు దారి చూపిస్తుంది. అందుకే ఆయనతో మొదలుపెడతాను. ఆయన 1943లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో పుట్టి, పశువుల్ని పెంచే కుటుంబంలో పెరిగారు. 1968లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పశువైద్యం పట్టా తీసుకుని, లవ్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్లో భార్యతో కలిసి సొంత పశువుల ఆసుపత్రి పెట్టారు. 1983లో రాష్ట్ర సెనేట్‌కు వెళ్లారు. అంటే పట్టా చేతికొచ్చిన పదిహేనేళ్లకు మొదటి పెద్ద పదవి. 1991 నుంచి 1997 వరకు అమెరికా పార్లమెంటు దిగువ సభ అయిన ప్రతినిధుల సభ, 1997 నుంచి 2009 వరకు ఎగువ సభ అయిన సెనేట్. మీ బావగారు చదివిన పద్దెనిమిదేళ్లు ఇవే.

వీటికి ముందు రాష్ట్ర సెనేట్‌లో గడిపిన ఎనిమిదేళ్లను జాగ్రత్తగా చూడండి. కొలరాడో రాష్ట్ర సభ ఏడాది పొడవునా నడవదు. సమావేశాలకు 120 రోజుల పరిమితి ఉంది, ఆ పరిమితి కోసం పట్టుబట్టినవాళ్లలో అల్లార్డ్ కూడా ఒకరు. మిగతా రోజుల్లో ఆయన లవ్‌ల్యాండ్‌లో పశువులు చూసుకోవచ్చు. ఊరు మారలేదు, ఆసుపత్రి మూయలేదు, ఎవరికీ రాజీనామా ఇవ్వాల్సిన పని రాలేదు. ఓడిపోతే మర్నాడు పొద్దున్నే స్టెతస్కోపు వేసుకుని పనిలోకి దిగొచ్చు. ఈ వెసులుబాటే ఆయన్ని నిలబెట్టిందని నేను గట్టిగా నమ్ముతాను.

మన దగ్గర పల్లెల్లో పనిచేసే పట్టభద్ర పశువైద్యుల్లో ఎక్కువమంది ప్రభుత్వ ఉద్యోగులే. రైతు దగ్గర గేదెకు ఇన్ని వేలు ఫీజు తీసుకుని సొంత ఆసుపత్రి నడపడం మన మండలాల్లో కష్టం. పేదరైతు ఇవ్వలేడు, మనకూ అడగబుద్ధి కాదు. గన్నవరంలో చదివినా, తిరుపతిలో చదివినా, ఇప్పుడు మనకు దగ్గరలో గరివిడి కాలేజీలో చదివినా చూపు సర్కారు పోస్టు మీదే ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగి పార్టీలో చేరకూడదు, ప్రచారం చేయకూడదు, పోటీ చేయకూడదు. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964 నుంచీ ఈ మాట చెబుతూనే ఉంది.

మనుషుల డాక్టర్లను చూడండి, వాళ్ల దారి ఎంత వేరుగా ఉందో అర్థమవుతుంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో సొంత ఆసుపత్రి పెట్టారు. 1978లో ఎమ్మెల్యే అయ్యారు. తర్వాత కడప నుంచి వరసగా నాలుగుసార్లు లోక్‌సభకు వెళ్లారు. మన అనకాపల్లిలో 2019లో గెలిచిన బీశెట్టి వెంకట సత్యవతి గారు స్త్రీల వైద్యురాలు, అక్కడి ఆసుపత్రితోనే జనానికి తెలిసినవారు. వీళ్లకు కులం, కుటుంబం, పార్టీ గాలి అన్నీ కలిసివచ్చాయి, కాదనను. కానీ అందరికీ తెలిసిన ఒక గడప, ఒక బోర్డు, ఏళ్ల తరబడి అదే ఊళ్లో ఉండటం కూడా వీళ్లకు ఉంది. ఉద్యోగం చేసే పశువైద్యుడికి అదే ఉండదు.

బదిలీల దెబ్బ బయటివాళ్లకు అర్థం కాదు. నాకు బాగా తెలిసిన ఒక డాక్టర్ ఉండేవారు. పేరు చెప్పను. చెయ్యి మంచిదని పేరు. దూడ అడ్డం తిరిగి ఈనలేకపోతున్న గేదెను అర్ధరాత్రి చూడాలంటే పక్క మండలం వాళ్లు కూడా ఆయనకే ఫోన్ చేసేవారు. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని జెడ్పీటీసీకి పోటీ చేశారు. ఓడిపోయారు. ఓట్లు లెక్క చూసుకుంటే కారణం తేలిగ్గానే తెలిసింది. ఆయనంటే ప్రాణం పెట్టే ఇళ్లు వందల్లో ఉన్నాయి, కానీ కొన్ని నర్సీపట్నం వైపు, కొన్ని పాడేరు పైన, కొన్ని విజయనగరం జిల్లాలో. ఆయన పోటీ చేసిన మండలంలో పనిచేసింది చివరి రెండు మూడేళ్లు మాత్రమే. నాలుగైదేళ్లకోసారి మూటాముల్లె సర్దుకునే ఉద్యోగంలో అభిమానం ఊరూరా చెల్లాచెదురవుతుంది. ఓట్లు మాత్రం ఒకే నియోజకవర్గంలో లెక్కపెడతారు.

కాబట్టి మీ బావగారిని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇప్పుడున్న మండలం ఆయన సొంత ప్రాంతమా? రేపు ఉద్యోగం మానేస్తే అక్కడే ఇల్లు కట్టుకుని పదేళ్లు ఉంటారా? ఉండనంటే ఈ చర్చ ఇక్కడితో ఆపేయొచ్చు.

ఇంకొకరి కథ దీనికి పూర్తిగా భిన్నం. ఆయన కూడా మా వృత్తివాడే. చదువు అయ్యాక ఉద్యోగం కోసం ఎదురుచూడకుండా సొంతూరుకు వెళ్లిపోయాడు. వ్యవసాయం చేస్తూ, పాల కేంద్రం పనులు చూస్తూ, అడిగినవాళ్ల పశువులకు వైద్యం చేశాడు. సర్పంచ్‌గా గెలిచాడు. వీధి దీపాల దగ్గర్నుంచి పశువుల నీటి తొట్ల దాకా మంచి పనులు చేశాడు. కానీ మొదటి ఏడాదిలోనే ఒక చిక్కు వచ్చింది. ఎదుటి వర్గం ఇళ్లవాళ్లు తమ గేదెలకు ఆయన్ని పిలవడం మానేశారు. ఒక ఇంట్లో పాలిచ్చే గేదెకు పొదుగువాపు వస్తే, రెండు సందుల అవతల డాక్టర్ ఉండగా ఎక్కడో దూరం నుంచి ఇంకొకర్ని పిలిపించుకున్నారు. అప్పటికి ఆలస్యమై రెండు చన్నులు పోయాయి. మరో ఇంట్లో ఆయన వైద్యం చేసిన ఆవు చనిపోతే, కావాలనే సరిగ్గా చూడలేదని పుకారు లేపారు. అది ఆయన్ని చాలా బాధపెట్టింది. వినే నాకూ కష్టంగా అనిపించింది.

పశువైద్యుడు అందరివాడు. పార్టీ జెండా పట్టిన రోజున ఊళ్లో సగం మందికి పరాయివాడవుతాడు. ఓట్ల కన్నా నేను ఎక్కువ భయపడేది దీనికే. మీ బావగారు ఈ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. ఆ సర్పంచ్ చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. చుట్టుపక్కల ఏ పార్టీకీ చెందని ఒక కుర్ర డాక్టర్ని మాట్లాడి, వారంలో కొన్ని రోజులు పాల కేంద్రం దగ్గర కూర్చునేలా చేశాడు. ఆయన్ని పిలవడానికి ఇష్టపడనివాళ్ల పశువులు అక్కడికి వచ్చేవి.

ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ప్రభుత్వ పశువైద్యుడి సంతకానికి డబ్బు విలువ ఉంటుంది. బీమా చేసిన గేదె చనిపోతే చెవి పోగు నంబరు సరిచూసి, పోస్టుమార్టం చేసి సర్టిఫికెట్ ఇచ్చేది ఆయనే. తుపానులో పశువులు పోతే నష్టపరిహారం జాబితా ఆయన దగ్గర్నుంచే వెళ్తుంది. హుద్‌హుద్ సమయంలో, 2014 అక్టోబరులో, ఆ జాబితాల కోసం మా మీద ఎలాంటి ఒత్తిళ్లు వచ్చాయో ఈ జిల్లాలో చేసిన ప్రతి డాక్టరుకూ గుర్తుంటుంది. రాజకీయాల్లోకి వెళ్లాలని మనసులో పడిన రోజు నుంచే ఈ సంతకాల విషయంలో రెట్టింపు కఠినంగా ఉండాలి. "వచ్చే ఎన్నికల్లో మనకు పనికొస్తాడు" అని ఒక్క తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చినా, తర్వాత అదే ఆయన మెడకు చుట్టుకుంటుంది. ఉద్యోగం మానేసినా పాత ఫైళ్లు ఎక్కడికీ పోవు. అవినీతి కింద ఉద్యోగం నుంచి తొలగిస్తే ఐదేళ్లపాటు పోటీకే అనర్హులవుతారు.

ఇక రూల్స్ సంగతి. రాజ్యాంగంలోని 102వ అధికరణం పార్లమెంటుకు, 191వ అధికరణం అసెంబ్లీకి వర్తిస్తాయి. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు పోటీకి అనర్హులు. రాజీనామా ఇచ్చాను అంటే చాలదు. నామినేషన్ల పరిశీలన నాటికి అది ఆమోదం పొంది, ఆ కాగితం చేతిలో ఉండాలి. శాఖ ఫైలు కదపకపోతే పోటీ అవకాశం అక్కడితో పోయినట్టే. అందుకే ఎన్నికల నోటిఫికేషన్ చూసి రాజీనామా రాసేవాళ్లను చూస్తే నాకు కంగారు. కనీసం ఏడాది ముందు బయటికి రావాలి.

రాజీనామాకూ స్వచ్ఛంద పదవీ విరమణకూ తేడా మీ అక్కకు తప్పకుండా చెప్పండి. రాజీనామా చేస్తే పాత పింఛను విధానంలో వెనకటి సర్వీసంతా పోతుంది. ఇరవై ఏళ్లు నిండాక మూడు నెలల నోటీసు ఇచ్చి స్వచ్ఛంద విరమణ తీసుకుంటే పింఛను వస్తుంది. 2004 సెప్టెంబరు 1న, ఆ తర్వాత చేరినవాళ్లు సీపీఎస్ (జీతంలోంచి వాటా కోసి ఖాతాలో జమచేసే పింఛను పథకం) కింద ఉంటారు, వాళ్ల లెక్క వేరు. వయసు నిండకముందే బయటికి వస్తే ఖాతాలో ఉన్న సొమ్ములో పెద్ద భాగం నెలనెలా వచ్చే పింఛను కొనడానికే వెళ్లిపోతుంది, చేతికి వచ్చేది తక్కువ. పిల్లల చదువులు మధ్యలో ఉంటే ఈ ఒక్క విషయమే నిర్ణయాన్ని మార్చేయొచ్చు.

ఖర్చు చూడండి. లోక్‌సభకు డిపాజిట్ 25,000 రూపాయలు, అసెంబ్లీకి 10,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. అది చిన్న మొత్తమే. అభ్యర్థి పెట్టదగిన ఖర్చుకు ఎన్నికల సంఘం 2022లో పెట్టిన హద్దు మన రాష్ట్రంలో లోక్‌సభకు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. హద్దే అంత ఉంటే, జీతం మీద బతికిన మనిషి ఎక్కడి నుంచి తెస్తాడు? అనకాపల్లి లోక్‌సభ అంటే చోడవరం, మాడుగుల, అనకాపల్లి, పెందుర్తి, ఎలమంచిలి, పాయకరావుపేట, నర్సీపట్నం. పదిహేను లక్షల పైచిలుకు ఓటర్లు. వాళ్లలో మీ బావగారు చూసిన పశువుల యజమానులు ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి. పెందుర్తి దగ్గరికొచ్చేసరికి సగం నగరమే.

మన దేశంలో పశువైద్యుడు ఎంపీ కాలేదా అంటే అయ్యారు. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ నుంచి సంజీవ్ బాల్యాన్. హిస్సార్ యూనివర్సిటీలో పశువుల శరీర నిర్మాణ శాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. 2014లో నాలుగు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 2019లో అజిత్ సింగ్ మీద ఆరు వేల పైచిలుకు ఓట్లతో గట్టెక్కారు. 2024లో ఓడిపోయారు. నాలుగు లక్షల నుంచి ఆరు వేలకు, అక్కడి నుంచి ఓటమికి వచ్చిన ఈ పదేళ్లలో ఆయన పట్టా మారలేదు. అక్కడ 2013లో జరిగిన మత అల్లర్ల తర్వాతి వాతావరణం, పార్టీ గాలి, ఎదుటివాళ్ల పొత్తులు, కులాల లెక్కలు మారాయి. పట్టా ఉపయోగపడింది గెలిచిన తర్వాత. 2019లో పశుసంవర్ధక, పాడి, మత్స్య శాఖను వేరే మంత్రిత్వ శాఖగా చేసినప్పుడు ఆయన అందులో ఒక సహాయ మంత్రి. గాలికుంటు, బ్రూసెల్లోసిస్ (పశువులు ఈసుకుపోయేలా చేసే అంటురోగం) నివారణకు 13,343 కోట్లతో జాతీయ టీకా కార్యక్రమం ఆ ఏడాదే మొదలైంది. శాఖలో ఆ విషయం తెలిసిన మనిషి ఒకరు ఉండటం మాలాంటి వాళ్లకు ధైర్యంగా అనిపించింది.

అందుకే మీ బావగారి ఆశను నేను చిన్నచూపు చూడను. చట్టసభలో పశువైద్యుడు ఉండాలని నిజంగా కోరుకుంటాను. కారణాలు మన జిల్లాలోనే ఉన్నాయి.

ఏజెన్సీలో ఆంత్రాక్స్, అంటే దొమ్మ రోగం, వస్తూనే ఉంటుంది. దాంతో చనిపోయిన పశువును కోసి పంచుకుంటారు, ఎండబెట్టి దాచుకుంటారు. కొన్నాళ్లకు చేతుల మీద నల్లటి పుండ్లతో మనుషులు ఆసుపత్రికి వస్తారు. ఆ క్రిమి విత్తనాలు నేలలో దశాబ్దాలు బతుకుతాయి. కళేబరం కోయకుండా సున్నం వేసి లోతుగా పూడ్చాలి, చుట్టుపక్కల పశువులకు ఏటా టీకా వేయాలి. ఇదంతా తెలిసిన విషయమే. కానీ మాంసం పారేయమంటే పేద ఇంటికి ఆ పూట తిండి పోతుంది, పశువు కూడా పోతుంది. చనిపోయిన పశువును అప్పగిస్తే వెంటనే పరిహారం ఇస్తే తప్ప ఈ రోగం ఆగదని నేను అక్కడ పనిచేసినప్పటి నుంచీ అంటున్నాను. ఆ మాట బడ్జెట్ పుస్తకంలోకి ఎక్కాలంటే, చట్టసభలో నిలబడి అడిగేవాడు ఒకడు కావాలి.

ఎక్కడ అడగాలన్నది కూడా తెలిసి ఉండాలి. పశురోగాల నివారణ, పశువైద్యం రాజ్యాంగంలోని రాష్ట్రాల జాబితాలో 15వ అంశం. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి రోగాలు పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో 29వ అంశం. పార్లమెంటు 2009లో పశువుల అంటువ్యాధుల చట్టం చేసింది. కాబట్టి డాక్టర్ లేని ఆసుపత్రి, మందుల కొరత, ఆంత్రాక్స్ పరిహారం ఇవన్నీ ముందు రాష్ట్ర ప్రభుత్వం తేల్చాల్సినవి. ఒడిశా సరిహద్దు సంతల నుంచి వచ్చే రోగం, టీకాల కేటాయింపు ఢిల్లీ పని. మీ బావగారి కడుపులో మంట మొదటి రకం సమస్యల మీదైతే ఆయన వెళ్లాల్సింది అసెంబ్లీకే. ఎంపీ కావాలన్న కోరిక ఎక్కడి నుంచి పుట్టిందో ఆయన్ని నెమ్మదిగా అడగండి.

అల్లార్డ్ గురించి ఇంకొక్క విషయం. ఆయన పేరు మోగిపోయే నాయకుడు కాదు. 2006లో ఒక పెద్ద పత్రిక ఆయన్ని పనికిరాని ఐదుగురు సెనేటర్లలో ఒకరిగా రాసింది. అయినా ఆయన చేసిన పనులు నిలబడ్డాయి. గ్రేట్ శాండ్ డ్యూన్స్‌ను జాతీయ ఉద్యానవనంగా మార్చే 2000 నాటి చట్టాన్ని సెనేట్‌లో పెట్టింది ఆయనే. పందెం కోళ్లను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తరలించకుండా ఆపే బిల్లు కూడా ఆయనదే, అది 2002 నాటి వ్యవసాయ చట్టంలో కలిసింది. అప్పటికి అమెరికాలో మూడు రాష్ట్రాల్లో కోడిపందాలు చట్టబద్ధం. సంక్రాంతికి బరులు గీసే మన నేల మీద ఒక పశువైద్యుడు ఆ మాట ఎత్తితే ఎన్ని ఓట్లు పోతాయో మీకు తెలుసు. వృత్తి నేర్పిన మాటను ఓట్లకు భయపడి మింగేయకపోవడం ఆయనలో నాకు నచ్చిన గుణం. రెండుసార్లకు మించి సెనేట్‌కు పోటీ చేయనని ముందే మాట ఇచ్చి, 2008లో నిలబెట్టుకున్నారు కూడా.

మరి ఏం చేయాలి? పాల దారి పట్టమంటాను, ఊరి దగ్గర్నుంచి. మన ప్రాంతంలో పశువున్న ప్రతి ఇంటినీ రోజుకు రెండుసార్లు కలిపేది పాల కేంద్రం. వెన్న శాతం, రేటు, దాణా బాకీ, బోనసు, గొడవలన్నీ అక్కడే. విశాఖ డెయిరీని దశాబ్దాలపాటు నడిపిన ఆడారి తులసీరావు గారి పలుకుబడి ఈ జిల్లా రాజకీయాల్లో ఎంతో అందరికీ తెలుసు. అయితే పాల బలం ఒక్కటే చాలదని కూడా ఈ జిల్లాయే చూపించింది. ఆయన కుమారుడు 2019లో అనకాపల్లి లోక్‌సభకు పోటీ చేసి, నేను పైన చెప్పిన సత్యవతి గారి చేతిలో ఓడిపోయారు. ఆ ఏడాది రాష్ట్రమంతా ఒకే పార్టీ గాలి వీచింది.

మీ బావగారి విషయంలో అయితే ఇలా చేయమని చెబుతాను. ఇరవై ఏళ్లు పూర్తయ్యే దాకా ఉద్యోగంలోనే ఉండాలి. ఈలోపు చివరి పోస్టింగు సొంత ప్రాంతానికి దగ్గరలో వచ్చేలా ప్రయత్నించాలి. పార్టీ వాళ్ల గడప తొక్కకూడదు. సొంత నియోజకవర్గంలో పశువుల లెక్క, మేత భూములు, ఖాళీ పోస్టులు, మూతపడ్డ ఆసుపత్రులు, ఏ రోగం ఏ నెలలో ఎక్కడ వస్తుందో ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఇది ఉద్యోగ ధర్మమే, ఎవరూ తప్పుపట్టరు. గొంతువాపు టీకాలు వానలకు ముందే పడని ఊళ్లు ఏవో తెలిసిన అభ్యర్థి, ఉపన్యాసం ఇచ్చే అభ్యర్థి కన్నా రైతుకు తొందరగా నచ్చుతాడు. విరమణ తర్వాత సొంతూళ్లో చిన్న క్లినిక్ పెట్టి, మొదటి ఎన్నిక ఎంపీటీసీయో సర్పంచో చూసుకోవాలి. ఓడినా క్లినిక్ ఉంటుంది, పింఛను ఉంటుంది. అల్లార్డ్‌కు లవ్‌ల్యాండ్ ఆసుపత్రి ఇచ్చిన ధైర్యం ఈయనకు అలా దొరుకుతుంది.

ఈలోపు మీ అక్క పోటీ చేయొచ్చా అని చివర్లో అడిగారు. ఆమె ప్రభుత్వ ఉద్యోగి కాకపోతే చేయొచ్చు, భర్త ఉద్యోగం ఆమెకు అడ్డం కాదు. కానీ ఆయన ప్రచారంలో తిరగకూడదు, శాఖ వాహనం, శాఖ మనుషులు, టీకా శిబిరం ఏదీ ఆమె ఓట్ల కోసం వాడకూడదు. అలాంటి చోట్ల ఫిర్యాదు ఒక్క రోజులో పైకి వెళ్తుంది. ఆమెకు నిజంగా ఇష్టం ఉంటేనే దిగమనండి. ఆయన కోరిక ఆమె మీద పెట్టొద్దు.

బావగారు ఏ సంవత్సరం సర్వీసులో చేరారు, సొంతూరు ఏ నియోజకవర్గంలోకి వస్తుంది, పిల్లలు ఏం చదువుతున్నారు, ఈ మూడూ రాయండి. పింఛను లెక్క, ఎప్పుడు బయటికి రావచ్చో అన్నది వాటిని బట్టి చెబుతాను.